క్రియేటివ్ రైటింగ్‌లో డి గ్రేడ్ వచ్చిన అమ్మాయి రాసిన ఇంగ్లీష్ పాఠం

ఈ ఎపిసోడ్ కూడా హిస్టరీనే. కాకపోతే ఈసారి రాజులు లేరు, రాజ్యాలు లేవు. రెండు గ్యాంగుల మధ్య ఒక కొట్లాట ఉంది, అది కూడా నవల్లో. ఆ నవల పేరు 'ది అవుట్‌సైడర్స్'. రాసింది ఎస్.ఈ. హింటన్. 1967లో వచ్చింది. అమెరికాలో మీ కజిన్స్ ఎవరైనా ఏడో తరగతో ఎనిమిదో తరగతో చదువుతుంటే ఒకసారి అడిగి చూడండి. చాలామందికి ఈ పేరు తెలిసే ఉంటుంది. అక్కడ ఎన్నో స్కూళ్లలో ఇంగ్లీష్ క్లాసులో దీన్ని ఫుల్ నవలగా చదివిస్తారు. కొత్త పదాలు ఇందులోంచే నేర్పుతారు, కథ రాయడం కూడా దీన్ని పెట్టుకునే నేర్పుతారు.

ఇందులో తమాషా ఏంటంటే, కథ ఎలా రాయాలో పిల్లలకి నేర్పడానికి ఇన్నేళ్లుగా వాడుతున్న ఈ పుస్తకం రాస్తున్న ఏడాది, దాని రచయితకి స్కూల్లో క్రియేటివ్ రైటింగ్ సబ్జెక్టులో వచ్చిన గ్రేడు డి. డి అంటే మన లెక్కలో బొటాబొటీగా గట్టెక్కడం. అప్పుడు ఆ రచయిత వయసు 16. ఆమె అమ్మాయి. ఎస్.ఈ. అంటే సూసన్ ఎలోయిస్.

ఈ కథంతా ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా అనే ఊళ్లో మొదలైంది. ఆయిల్ డబ్బుతో పెరిగిన ఊరు. డబ్బున్న ఇళ్లు ఒక వైపు, లేని ఇళ్లు ఇంకో వైపు. సూసన్ చదివింది విల్ రోజర్స్ హైస్కూల్లో. ఆ స్కూల్లో పిల్లలు గ్రూపులుగా విడిపోయి ఉండేవాళ్లు. జుట్టుకి దట్టంగా నూనె రాసి వెనక్కి దువ్వుకునే పేదింటి కుర్రాళ్లని 'గ్రీజర్స్' అనేవాళ్లు. పెద్దింటి పిల్లల్ని 'సోషెస్' అనేవాళ్లు. ఒకరంటే ఒకరికి పడేది కాదు. ఒకరోజు సూసన్ ఫ్రెండ్ ఒకతను సినిమా చూసి నడుచుకుంటూ ఇంటికి వెళ్తుంటే పట్టుకుని కొట్టారు. కారణం? గ్రీజర్‌లా కనిపించాడు, అంతే. ఆ కోపంతో ఆమె ఇంటికొచ్చి టైప్ చేయడం మొదలుపెట్టింది. అప్పటికి ఆమెకి 15 ఏళ్లు. అందుకే నవల కూడా ఒక కుర్రాడు సినిమా హాల్లోంచి బయటకి వస్తుండగా మొదలవుతుంది.

అదే రోజుల్లో ఇంట్లో వాళ్ల నాన్నకి ఆరోగ్యం దెబ్బతింది. మెదడులో కాన్సర్. ఆమె హైస్కూల్లో ఉండగానే ఆయన పోయారు. ఈ నవల్లో హీరో తల్లిదండ్రులు లేని పిల్లాడు, ప్రతి చాప్టర్లోనూ ఎవరినో ఒకరిని పోగొట్టుకుంటానేమో అన్న భయం ఉంటుంది. ఆ భయం ఆమెకి ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు కదా.

మరి డి గ్రేడ్ ఎందుకొచ్చింది? నవల రాసే పనిలో పడి క్లాసు పనులు వదిలేసింది. తర్వాత ఇంటర్వ్యూల్లో ఆమే నవ్వుతూ చెప్పుకునేది ఈ విషయం. మొదటి డ్రాఫ్ట్ 40 పేజీలే వచ్చిందట. దాన్ని మళ్లీ మళ్లీ తిరగరాస్తూ, ప్రతిసారీ వివరాలు కలుపుతూ పోయింది. ఆ కుర్రాడు ఎలా నడుస్తాడు, అన్నయ్య ఎందుకు అరుస్తాడు, ఇంట్లో పొద్దున్నే ఏం తింటారు, ఇలాంటివి. స్కూలు నేర్పాల్సిన అసలు పని ఇదే. ఆ పనిని ఆ అమ్మాయి స్కూలు అవతల, ఎవరూ చెప్పకుండా చేసుకుంది.

తోటి స్టూడెంట్ వాళ్లమ్మ పిల్లల పుస్తకాలు రాసేవారు. ఆవిడ చదివి, బాగుంది, న్యూయార్క్‌లో ఒక ఏజెంటుకి పంపు అని చెప్పారు. 1966లో హైస్కూల్ గ్రాడ్యుయేషన్ రోజునే వైకింగ్ ప్రెస్ కాంట్రాక్టు చేతికొచ్చింది. 1967 ఏప్రిల్ 24న పుస్తకం బయటికొచ్చింది. అప్పటికి ఆమెకి 18. అమ్మాయి రాసిందని తెలిస్తే, గ్యాంగుల గురించి దీనికేం తెలుసు అని మగ రివ్యూయర్లు పక్కన పడేస్తారేమో అని పబ్లిషర్‌కి అనుమానం. అందుకే కవర్ మీద సూసన్ అన్న పేరు లేదు, ఎస్.ఈ. అన్న రెండక్షరాలే వేశారు. చాలా ఏళ్లు పిల్లలు ఈ పుస్తకం రాసింది ఎవరో అబ్బాయి అనే అనుకున్నారు.

కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. పోనీబాయ్‌కి 14 ఏళ్లు. అమ్మానాన్నలు కారు యాక్సిడెంట్‌లో పోయారు. ఇద్దరు అన్నలు పెంచుతున్నారు, పెద్దాడు డారీకి 20, నడిమివాడు సోడాపాప్‌కి 16. ఒక రాత్రి పార్కులో సోషెస్ పోనీబాయ్ తలని ఫౌంటెన్ నీళ్లలో ముంచేస్తుంటే, అతని ఫ్రెండ్ జానీ భయంతో కత్తి తీస్తాడు. సోషెస్‌లో ఒకడు చచ్చిపోతాడు. ఇద్దరూ పారిపోయి ఊరికి దూరంగా పాడుబడ్డ చర్చిలో దాక్కుంటారు. అక్కడ టైంపాస్‌కి 'గాన్ విత్ ద విండ్' నవలని బయటకి చదువుకుంటారు. తర్వాత ఆ చర్చికి నిప్పంటుకోవడం, లోపల ఇరుక్కున్న చిన్నపిల్లల్ని వీళ్లు బయటకి తీయడం, జానీ కాలిపోవడం, చనిపోవడం... మిగతాది మీరే చదువుకోండి. 12 చాప్టర్లు, ఒక వీకెండ్ పుస్తకం.

ఇప్పుడు పదాల సంగతి. నాకు ఈ పుస్తకంలో బాగా నచ్చేది ఇదే. ఇందులో రెండు రకాల ఇంగ్లీష్ పక్కపక్కనే ఉంటుంది. ఒకటి వీధి ఇంగ్లీష్. పోలీసులు 'ఫజ్'. తుపాకీ 'హీటర్'. గ్యాంగులు ముందే అనుకుని, టైం పెట్టుకుని కొట్టుకుంటే అది 'రంబుల్'. సిగరెట్‌ని 'వీడ్' అంటారు. ఇవాళ వీడ్ అంటే గంజాయి. అప్పటి ఆ కుర్రాళ్లకి మామూలు పొగాకు సిగరెట్టే. ఇది తెలియకుండా చదివిన ఈ కాలం పిల్లలు, అమ్మో 14 ఏళ్లకే గంజాయా అని గుడ్లు తేలేస్తారు. టీచర్‌కి కావాల్సింది కూడా అదే. ఒక మాట అర్థం 60 ఏళ్లలో ఎలా మారిపోతుందో అక్కడికక్కడ తెలిసిపోతుంది. ఇక 'సోష్' సంగతి. పుస్తకంలో స్పెల్లింగ్ ఎస్, ఓ, సి. మొదటిసారి చదివే ప్రతివాడూ 'సాక్' అంటాడు, కాళ్లకి వేసుకునే సాక్స్‌లాగ. అది 'సోషల్' అన్న మాటకి పొట్టి రూపం కాబట్టి 'సోష్' అనాలి. స్పెల్లింగ్ ఒకటి, పలుకుబడి ఒకటి. ఇంగ్లీష్‌తో మన గొడవంతా అదేగా!

రెండోది పుస్తకాల ఇంగ్లీష్. పోనీబాయ్ చదువుతాడు, సినిమాలు ఒంటరిగా చూస్తాడు, సూర్యాస్తమయాలు చూస్తూ కూర్చుంటాడు. గ్యాంగులో మిగతావాళ్లు వాడని మాటలు కథ చెప్పేటప్పుడు వాడతాడు. ఒక ఉదాహరణ చూడండి. 'అలూఫ్‌నెస్' అనే మాట. పెద్దింటి పిల్లలు తమ నిజమైన మనసు బయటపడకుండా జాగ్రత్తగా దాచుకుంటారు అని పోనీబాయ్ ఆలోచించే చోట ఈ మాట వస్తుంది, పక్కనే గోడ అనే పోలిక ఉంటుంది. పదం తెలియకపోయినా గోడ తెలుసు, దాచుకోవడం తెలుసు. రెండూ కలిపితే అర్థం దొరికిపోతుంది. మన భాషలో చెప్పాలంటే అంటీముట్టనట్టు ఉండటం. ఇదే మాట గైడులో వెతికితే ఏముంటుంది? 'అలూఫ్‌నెస్: దూరముగా నుండుట.' ఆ 'నుండుట' చూశాక ఆ మాటని జన్మలో ఎవరైనా వాడతారా?

నవ్వులాట పక్కన పెడితే, దీని మీద రీసెర్చ్ కూడా ఉంది. 1985లో విలియం నాగీ, ప్యాట్రీషియా హెర్మన్, రిచర్డ్ ఆండర్సన్ అనే ముగ్గురు అమెరికన్ పరిశోధకులు ఎనిమిదో తరగతి పిల్లలతో ఒక స్టడీ చేశారు. మామూలుగా ఏదో చదువుకుంటున్నప్పుడు, ఎవరూ అర్థం చెప్పకుండానే, కొత్త పదాలు వస్తాయా అని. వస్తాయి, కానీ ఒక్కసారి కనిపిస్తే వచ్చేది చాలా తక్కువ. కొద్దికొద్దిగా, మళ్లీ మళ్లీ తగిలితేనే ఎక్కుతుంది. అంటే పిల్లలు చాలా చదవాలి. చాలా చదవాలంటే వాళ్లకి నచ్చింది ఉండాలి. సమస్యంతా ఆ చివరి ముక్క దగ్గరే వచ్చింది, ఎందుకంటే 1960ల దాకా అమెరికా స్కూళ్లలో ఇంగ్లీష్ క్లాసు అంటే షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్', జార్జ్ ఎలియట్ 'సైలస్ మార్నర్'. గొప్ప పుస్తకాలే, నేనేమీ అనను. కానీ ఫ్రెండు దెబ్బలు తిని ఇంటికొచ్చిన రోజున పిల్లలు తీసి చదువుకునే పుస్తకాలు అవి కావు. పోనీ టీనేజర్ల కోసమని విడిగా రాసినవి చూస్తే, స్కూల్ డాన్సుకి ఎవరితో వెళ్లాలి అన్న టైపు. 1967 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ బుక్ రివ్యూలో హింటన్ ఒక వ్యాసం రాసి ఈ పుస్తకాల్ని కడిగేసింది. మా బతుకులు ఇందులో ఎక్కడున్నాయి అన్నది ఆమె పాయింటు. 19 ఏళ్ల అమ్మాయి, దేశంలో అంత పెద్ద పేపర్లో!

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం, ఎందుకంటే ఆమె ఒక్కతే కాదు, అప్పుడు గాలి కూడా మారుతోంది. మిషిగన్ రాష్ట్రంలో డబ్ల్యూ. జె. మ్యాక్సీ స్కూల్ అని, తప్పులు చేసి దొరికిన మగపిల్లల్ని ఉంచే చోటు ఉండేది. అక్కడ డేనియల్ ఫేడర్ అనే ఇంగ్లీష్ ప్రొఫెసర్ ఒక ప్రయోగం చేశాడు. గట్టి అట్టల పాఠ్యపుస్తకాలు పక్కన పెట్టి, స్కూలంతా పేపర్‌బ్యాక్‌లతో నింపేశాడు. మందుల షాపుల్లో తిరిగే స్టాండ్లు ఉంటాయే, కవర్ బొమ్మ కనిపించేలా, అలాగే పెట్టించాడు. పిల్లలకి నోట్‌బుక్కులు ఇచ్చి వారానికి ఇన్ని పేజీలు నింపాలి అన్నాడు. తప్పులు దిద్దరు. ఏం రాశారన్నదానికి మార్కుల్లేవు. ఏమీ తోచకపోతే పత్రికలోంచి చూసి కాపీ చేసినా పర్లేదు. ముందు చెయ్యి కదలాలి అన్నది ఆయన లెక్క. దీని గురించి ఆయన, మోర్టన్ షేవిట్జ్ కలిసి 1966లో 'హుక్డ్ ఆన్ బుక్స్' అని పుస్తకం తెచ్చారు.

అదే 1966 వేసవిలో న్యూ హాంప్‌షైర్‌లోని డార్ట్‌మౌత్ కాలేజీలో అమెరికా, బ్రిటన్ ఇంగ్లీష్ టీచర్లు, ప్రొఫెసర్లు కొన్ని వారాలపాటు కూర్చుని ఒకటే చర్చ: అసలు ఇంగ్లీష్ సబ్జెక్ట్ అంటే ఏంటి? బ్రిటన్ నుంచి వచ్చినవాళ్లు గట్టిగా వాదించింది ఏంటంటే, పిల్లలు తమ అనుభవాన్ని తమ మాటల్లో చెప్పుకుంటూ పోతేనే భాష పెరుగుతుందని. జాన్ డిక్సన్ ఆ చర్చలమీద 'గ్రోత్ త్రూ ఇంగ్లీష్' అని పుస్తకం రాశాడు, 1967లో. గమనించారా? డార్ట్‌మౌత్‌లో పెద్దలు ఈ చర్చ చేస్తున్నప్పటికే టల్సాలో ఒక అమ్మాయి దాన్ని చేసి చూపించేసింది. వాళ్లకి ఆమె తెలియదు, ఆమెకి వాళ్లు తెలియదు.

ఇప్పుడు నవల చివరికి వస్తున్నాను. స్పాయిలర్ వద్దనుకునేవాళ్లు రెండు పేరాలు దాటేయండి. జానీ పోయాక పోనీబాయ్ చదువు గాలికి పోతుంది. ఫెయిలయ్యే పరిస్థితి. ఇంగ్లీష్ టీచర్ మిస్టర్ సైమ్ పిలిచి ఒక దారి చూపిస్తాడు. నువ్వు ఒక మంచి వ్యాసం రాసివ్వు, నీ సొంత ఆలోచన, నీ సొంత అనుభవం ఉండాలి, పాస్ చేస్తాను అని. పోనీబాయ్‌కి ఏం రాయాలో తోచదు. తర్వాత జానీ వదిలివెళ్లిన ఉత్తరం 'గాన్ విత్ ద విండ్' పుస్తకంలో దొరుకుతుంది. ఆ ఉత్తరం చదివాక అతను టీచర్‌కి ఫోన్ చేసి అడిగేది ఒక్కటే, ఆ వ్యాసం ఎంత పొడుగు ఉండాలి అని. అయిదు పేజీలకి తగ్గకూడదు అంటాడు టీచర్. అంతకంటే ఎక్కువ ఉండొచ్చా అని ఇతను. ఉండొచ్చు, నీ ఇష్టం. ఫోన్ పెట్టేసి రాయడం మొదలుపెడతాడు. అతను రాసే మొదటి వాక్యం ఏంటో చూస్తే, మనం చదువుతున్న నవల మొదటి వాక్యం అదే! అంటే మనం ఇంతసేపూ చదివింది ఒక 14 ఏళ్ల పిల్లాడి ఇంగ్లీష్ అసైన్‌మెంట్ అన్నమాట.

క్లాసులో ఇది చదివిన పిల్లల మొహాలు ఎలా ఉంటాయో ఊహించుకోండి. అయిదు పేజీల వ్యాసం అనేది వాళ్లకి శిక్ష. ఇక్కడేమో అదే అయిదు పేజీలు పుస్తకం అయిపోయాయి. నిజ జీవితంలో ఈ అమ్మాయికి డి వచ్చింది, నవల్లో మాత్రం ఆమె ఇలాంటి టీచర్‌ని సృష్టించుకుంది. కావాలనే చేసిందా అంటే చెప్పలేను గానీ, నాకు ప్రతిసారీ అక్కడ గుండె కొంచెం బరువెక్కుతుంది.

మరి ఇది స్కూళ్లలోకి ఎలా వెళ్లింది? ఏ బోర్డూ సిలబస్‌లో పెట్టలేదు. మొదట్లో పబ్లిషర్లు దీన్ని పెద్దవాళ్ల పేపర్‌బ్యాక్‌గా మందుల షాపు స్టాండ్లలో అమ్మారు. పెద్దగా కదల్లేదు. కానీ ఒకచోట మాత్రం బాగా అమ్ముడవుతోందని లెక్కల్లో కనిపించింది. ఏంటా అని ఆరా తీస్తే, అక్కడ టీచర్లు క్లాసులో చదివిస్తున్నారు. అప్పుడు పబ్లిషర్లకి వెలిగింది, టీనేజ్ పాఠకులు అని విడిగా ఒక మార్కెట్ ఉందని. ఇవాళ పుస్తకాల షాపులో 'యంగ్ అడల్ట్' అని పెద్ద షెల్ఫ్ కనిపిస్తుంది కదా, 'హంగర్ గేమ్స్' లాంటివి ఉండేది, ఆ షెల్ఫ్‌కి పునాది వేసినవాళ్లలో పేర్లు బయటికి రాని ఆ టీచర్లు ఉన్నారు. వాళ్లకి ఎవరూ చెప్పలేదు. పిల్లలు చదువుతున్నారు, కాబట్టి చదివించారు.

టీచర్లు దీంతో రాయించే పనులు కూడా సరదాగా ఉంటాయి. పోనీబాయ్, పెద్దింటి అమ్మాయి చెర్రీ మాట్లాడుకుంటూ, ఇద్దరం చూసే సూర్యాస్తమయం ఒకటే కదా అనుకుంటారు. అదే సాయంత్రాన్ని ముందు అతని వీధిలోంచి, తర్వాత ఆమె మేడ మీంచి రాయమంటారు. లేదా పార్కులో జరిగిందాన్ని అవతలి గ్యాంగువాడి నోటితో చెప్పమంటారు. గ్యాంగులో 'టూ-బిట్' అని ఒకడున్నాడు, ఎవరు మాట్లాడుతున్నా మధ్యలో తన రెండు ముక్కలు వేయందే ఉండలేడు, అందుకే ఆ పేరు. మీ ఫ్రెండ్స్‌లో ఒకడికి అలా పేరు పెట్టి, ఆ పేరు ఎలా వచ్చిందో ఒక పేరాలో రాయండి అంటారు. చూడండి, ఇందులో 'మీ ఊరి గురించి వ్యాసము వ్రాయుము' అన్నది ఎక్కడా లేదు.

ఇంత బాగుంటే గొడవేంటి? గొడవ ఏంటంటే, ఏ పుస్తకం అయినా క్లాసులోకి వెళ్లాక పాఠ్యపుస్తకం అయిపోతుంది. 'అవుట్‌సైడర్స్' కూడా అయింది. చాప్టర్‌కి ఇన్ని పదాల లిస్టు, ఖాళీలు పూరించడం, జతపరచడం, శుక్రవారం టెస్టు. పిల్లలు లిస్టు బట్టీ పట్టి, పుస్తకం పక్కన పడేయడం. నాకైతే ఈ వర్క్‌షీట్లంటే చిరాకు. లిస్టులు పూర్తిగా వేస్ట్ అని కూడా అనను. 2002లో ఇసబెల్ బెక్, మార్గరెట్ మెక్‌కౌన్, లిండా కూకన్ 'బ్రింగింగ్ వర్డ్స్ టు లైఫ్' అన్న పుస్తకంలో పదాల్ని మూడు అంతస్తులుగా విడగొట్టారు. కింద అంతస్తులో అందరికీ తెలిసినవి. పైన ఏదో ఒక సబ్జెక్టుకే పనికొచ్చేవి. మధ్యలో ఉన్నవి, అంటే 'అలూఫ్' లాంటివి, ఏ పుస్తకంలోనైనా తగులుతాయి. టీచర్ టైం పెట్టాల్సింది వాటిమీదే, అది కూడా మాట్లాడిస్తూ, వాడిస్తూ అని వాళ్లు చెప్పారు. సంతలో కూరగాయలు ఏరుకున్నట్టు ఏరుకోవాలి, బుట్టతో దిమ్మరించుకోకూడదు.

ఇక్కడ మన వైపు కథ ఒకటి తగులుతుంది. మన దగ్గర 'నాన్ డిటైల్డ్' అని ఉంటుంది కదా, పెద్ద ఇంగ్లీష్ నవలని పిండి, సన్న పుస్తకంగా చేసి ఇచ్చేది. మా బ్యాచ్‌లో దాన్ని తెరిచినవాడు లేడు, గైడులో సమ్మరీ బట్టీ పట్టి పరీక్ష రాసేశాం. ఇలా ఇంగ్లీష్‌ని సులువు చేసి పిల్లలకి చదివించే పద్ధతికి మన ఉపఖండంతో పాత సంబంధం ఉంది. 1920లలో మైకేల్ వెస్ట్ అనే బ్రిటిష్ విద్యాశాఖ ఉద్యోగి ఢాకాలో పనిచేస్తూ, బెంగాలీ పిల్లలు ఇంగ్లీష్‌తో పడే తిప్పలు చూశాడు. పేజీకి పదుల్లో కొత్త పదాలు తగులుతుంటే వాళ్లు చదవలేకపోతున్నారు. అందుకని 'న్యూ మెథడ్ రీడర్స్' అని తయారుచేశాడు. పాతకాలపు కఠినమైన మాటలు తీసేసి రోజూ వాడే మాటలు పెట్టాడు. కొత్త పదాల్ని ఒకేచోట కుప్ప పోయకుండా దూరం దూరంగా చల్లాడు, వచ్చిన పదాన్ని మళ్లీ మళ్లీ తగిలేలా చూశాడు. 1953లో వచ్చిన ఆయన 'జనరల్ సర్వీస్ లిస్ట్', సుమారు 2,000 పదాలది, చాలా దేశాల్లో ఇంగ్లీష్ టీచర్లకి ఆధారం అయింది. ఆ మనిషి మంచి పనే చేశాడు. ఆ ఆలోచన పరీక్షల చేతిలో పడ్డాక చదవడం పోయి సమ్మరీ మిగిలింది. హింటన్ పుస్తకాన్ని ఎవరూ పిండి సన్నం చేయలేదు. 16 ఏళ్ల పిల్ల తన వయసువాళ్లకి చెప్తున్నట్టు రాసింది కాబట్టి అది పుట్టుకతోనే వాళ్లకి అందేలా ఉంది. మనవాళ్లు అమెరికాలో సెటిలై, వాళ్ల పిల్లలు ఈ పుస్తకం ఇంటికి తెస్తే, ఇదేంటి గ్యాంగులు, కత్తులు, ఇదా పాఠం అని కంగారుపడే అమ్మానాన్నలు ఉంటారు. కంగారు పడింది మనవాళ్లు ఒక్కళ్లే కాదులెండి. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1990లలో ఎక్కువ అభ్యంతరాలు వచ్చిన 100 పుస్తకాల లిస్టు వేస్తే, ఇది కూడా అందులో ఉంది.

రాయడం గురించి ఇంకో సంఘటన. 1980లో కాలిఫోర్నియాలో ఫ్రెస్నో దగ్గర లోన్ స్టార్ అనే స్కూల్. అక్కడ పిల్లలకి ఈ పుస్తకం అంటే పిచ్చి. దీన్ని సినిమా తీయాలి, ఎవరు తీస్తారు? ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా. అవును, 'గాడ్‌ఫాదర్' తీసినాయనే. స్కూల్ లైబ్రేరియన్ జో ఎలెన్ మిసాకియన్ ఉత్తరం రాశారు, కింద వందమందికి పైగా పిల్లలు సంతకాలు పెట్టారు, ఒక పేపర్‌బ్యాక్ కాపీ కూడా జతచేసి పంపారు. హాలీవుడ్‌లో ఇలాంటి ఉత్తరాలు ఎవడు చదువుతాడు అనుకుంటాం కదా. కొప్పోలా దగ్గరికి చేరింది. ఆయన చదివాడు. టల్సాలోనే షూటింగ్ పెట్టాడు. 1983 మార్చిలో సినిమా వచ్చింది, అప్పటికి పెద్దగా పేరు లేని టామ్ క్రూజ్ కూడా అందులో ఉన్నాడు. సినిమాని ఆ స్కూలుకే అంకితం ఇచ్చారు. హింటన్ అందులో నర్సుగా ఒక చిన్న సీన్లో కనిపిస్తుంది. ఇంగ్లీష్ సిలబస్‌లో 'ఫార్మల్ లెటర్' అని ఒక చాప్టర్ ఉంటుంది, 'పోస్ట్‌మాస్టర్‌కి ఫిర్యాదు వ్రాయుము' అని. అందులో నిజంగా పోస్టు చేసిన ఉత్తరం ఒక్కటైనా ఉందా? లోన్ స్టార్ పిల్లలు మాత్రం పోస్టు చేశారు.

హింటన్ సంగతి చెప్పి ముగిస్తాను. 1988లో టీనేజ్ సాహిత్యానికి ఇచ్చే మార్గరెట్ ఎ. ఎడ్వర్డ్స్ అవార్డు పెట్టినప్పుడు మొదటి అవార్డు ఆమెకే ఇచ్చారు. 2024లో ఈ నవల మీద వచ్చిన మ్యూజికల్‌కి టోనీ అవార్డు వచ్చింది. కానీ మధ్యలో ఒక దశ ఉంది, దాని గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు. మొదటి పుస్తకం హిట్టయ్యాక ఆమెకి రాయడం ఆగిపోయింది. 18 ఏళ్లకి అంత పేరు, తర్వాత ఏం రాసినా అంత బాగా రాదేమో అన్న భయం. కొన్నేళ్లు టైప్‌రైటర్ ముట్టుకోవడమే కష్టమైంది. అప్పటి బాయ్‌ఫ్రెండ్, తర్వాత ఆమె భర్త, ఒక రూల్ పెట్టాడు. రోజుకి రెండు పేజీలు. బాగుండాలని రూల్ లేదు, రెండు ఉండాలి అంతే. ఆ రెండు రాయకపోతే సాయంత్రం బయటికి షికారు లేదు. మ్యాక్సీ స్కూల్లో ఫేడర్ పిల్లలకి పెట్టిన రూల్ గుర్తొచ్చిందా? ఆమె రోజూ రెండేసి రాసుకుంటూ పోయింది. ఆ కాగితాల దొంతరే 'దట్ వాజ్ దెన్, దిస్ ఈజ్ నౌ' అన్న రెండో నవల, 1971లో వచ్చింది.

సరే, టైం అయిపోయింది. వచ్చేవారం ఇంకో కథతో వస్తాను. ఉంటాను మరి.